18 కిలోమీటర్లే కదా తేడా!

పోయిన సంక్రాంతికి వైజాగ్ నుంచి బైక్ మీద ఊరికి బయల్దేరాను. 16వ నంబరు జాతీయ రహదారి. భోగాపురం, పూసపాటిరేగ దాటి రణస్థలం దగ్గరకొచ్చేసరికి చీకటి పడింది. స్పీడోమీటర్ 54 దగ్గరుంది. ఇంతలో డివైడర్ సందులోంచి ఓ గేదె తాపీగా రోడ్డెక్కింది. గట్టిగా బ్రేక్ పట్టాను. బండి దానికి జానెడు దూరంలో ఆగింది. టీ కొట్టు దగ్గరున్న పెద్దాయన ఒకటే మాటన్నాడు: "ఏటి బాబూ, ఇంకొంచెం జోరుగా వచ్చుంటే ఏటయ్యుండేది?"

ఆ ప్రశ్న ఇంటికొచ్చాకా వదల్లేదు. చివరికి కాగితం తీశాను. ఎంసెట్ కోసం బట్టీ కొట్టిన మూడు సూత్రాలూ ఇక్కడ పనికొచ్చాయి.

ఏ సూత్రం వాడాలి?

సమత్వరణం లెక్కల్లో ఉండేవి ఐదే: తొలి వేగం, తుది వేగం, త్వరణం, కాలం, దూరం. ఇచ్చినవేవో, అడిగిందేదో రాసుకోండి. ఇవ్వనిదీ, అడగనిదీ ఒకటి మిగులుతుంది. అది లేని సూత్రాన్నే పట్టుకోవాలి. దూరంతో పని లేదా? 'వీ ఈజ్ ఈక్వల్ టు యూ ప్లస్ ఏటీ'. కాలంతో పని లేదా? 'వీ స్క్వేర్ మైనస్ యూ స్క్వేర్ ఈజ్ ఈక్వల్ టు 2ఏఎస్'. మన గేదె లెక్కకి రెండోది కావాలి.

ఒక్క జాగ్రత్త. త్వరణం మారితే లెక్కని ముక్కలు చేయాలి. గేదెను చూసి, బ్రేక్ పట్టేలోపు ఒక సెకను పోతుందనుకుందాం. ఆ సెకనంతా బండి అదే వేగంతో పోతుంది. త్వరణం సున్నా. ఆ తర్వాతే బ్రేక్ పని మొదలు.

నా బండి లెక్క

గంటకు 54 కిలోమీటర్లని 5/18తో గుణిస్తే సెకనుకు 15 మీటర్లు. మొదటి సెకనులో పోయింది 15 మీటర్లు. పొడి రోడ్డు మీద బ్రేక్ వల్ల రుణ త్వరణం 5 అనుకుందాం. 15 వర్గం 225. దాన్ని రెండు ఐదులు పదితో భాగిస్తే 22.5. మొత్తం 37.5 మీటర్లు. అంటే గేదె నాకు కనిపించింది దాదాపు అంత దూరంలో.

ఇప్పుడు పెద్దాయన ప్రశ్న. నేను 72లో వచ్చుంటే? అంటే సెకనుకు 20 మీటర్లు. మొదటి సెకనులోనే 20 మీటర్లు అయిపోయాయి. మిగిలింది 17.5. వేగం వర్గం 400లోంచి 175 తీసేస్తే 225. దాని వర్గమూలం 15.

ఒకసారి ఆగి చూడండి. సెకనుకు 15 మీటర్లంటే గంటకు 54 కిలోమీటర్లు! 54లో వచ్చినవాడు ఆగిపోయిన చోట, 72లో వచ్చినవాడు 54 స్పీడుతో గేదెను గుద్దుతాడు. నాకూ నమ్మబుద్ధి కాలేదు. రెండుసార్లు సరిచూశాను.

ఎందుకిలా? బ్రేక్ ప్రతి మీటరుకీ సమానంగా తగ్గించేది వేగాన్ని కాదు, వేగం వర్గాన్ని. మన లెక్కలో మీటరుకు 10 చొప్పున. అందుకే జోరు ఎక్కువున్నప్పుడు మొదటి మీటర్లలో స్పీడు పెద్దగా దిగదు. దిగేదంతా చివర్లోనే. వాన పడి ఆ 5 కాస్తా 2.5 అయితే, 54లో ఆగడానికే 60 మీటర్లు కావాలి.

అమ్మ ఇప్పటికీ ఫోన్లో "నెమ్మదిగా రా నాన్నా" అంటుంది. ఇదివరకు ఊ కొట్టి పెట్టేసేవాణ్ణి. ఇప్పుడు చీకటి పడ్డాక 50 దాటట్లేదు.

మీరు 90లో వెళ్తారా? పొడి రోడ్డు మీద ఆగడానికి ఎంత దూరం కావాలో మీరే లెక్కేయండి. జవాబు 87.5 మీటర్లు రావాలి. మీ హెడ్‌లైట్ వెలుగు అంత దూరం పడుతుందో లేదో ఈ రాత్రే చూసుకోండి.