లార్క్‌-2: అతిగా పనిచేసే ఒక కైనేజ్ కథ

జపాన్‌లో టోక్యోకి దగ్గరగా సగమిహార అనే నగరం ఉంది. అక్కడి ఒక పెద్ద కుటుంబంలో తరం తర్వాత తరం పార్కిన్సన్స్ జబ్బు బారిన పడుతూ వచ్చింది. చేతులు వణకడం, కండరాలు బిగుసుకుపోవడం, అడుగు తీసి అడుగు వెయ్యడానికే చాలాసేపు పట్టడం వంటి లక్షణాలన్నీ మామూలు పార్కిన్సన్స్‌లో కనిపించేవే. 2002లో జపాన్ శాస్త్రవేత్తలు ఆ కుటుంబ సభ్యుల డీఎన్ఏను పరీక్షించి, లోపం 12వ క్రోమోజోములో ఫలానా భాగంలో ఉందని తేల్చారు. ఆ భాగంలో ఎన్నో జన్యువులున్నాయి. వాటిలో అసలు కారణమైన జన్యువును పట్టుకోవడానికి ఇంకో రెండేళ్లు పట్టింది.

2004 నవంబరులో రెండు వేర్వేరు బృందాలు ‘న్యూరాన్’ పత్రిక ఒకే సంచికలో జవాబు చెప్పాయి. ఒక బృందం స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతపు కుటుంబాలను, ఒక బ్రిటిష్ కుటుంబాన్ని పరిశీలించింది. రెండోది అమెరికా, కెనడాల్లోని కుటుంబాలను పరిశీలించింది. రెండు బృందాలకీ దొరికిన జన్యువు ఒకటే. అది తయారుచేసే ప్రోటీను పేరు ఎల్ఆర్ఆర్‌కె2. పరిశోధకులు ముద్దుగా ‘లార్క్‌-2’ అని పిలుస్తారు. 2,527 అమైనో ఆమ్లాలతో అల్లిన భారీ ప్రోటీను ఇది. ప్రోటీన్ కైనేజ్‌లనే ఎంజైముల కుటుంబానికి చెందింది.

కైనేజ్ చేసే పని

కణంలో వేలాది ప్రోటీన్లుంటాయి. అన్నీ అన్నివేళలా పనిచెయ్యవు, చెయ్యకూడదు కూడా. ఏది ఎప్పుడు పనిలోకి దిగాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే ఏర్పాటు ఉండాలి. కైనేజ్‌లది ఆ బాధ్యత. అవి కణానికి శక్తినందించే ఏటీపీ అణువు నుంచి ఒక ఫాస్ఫేటు ముక్కను తీసి, ఎంచుకున్న ప్రోటీను మీద ఎంచుకున్న చోట అతికిస్తాయి. దాంతో ఆ ప్రోటీను ఆకారం మారుతుంది, ప్రవర్తన మారుతుంది. పని అయ్యాక ఫాస్ఫటేజ్ అనే మరో రకం ఎంజైములు ఆ ముక్కను ఊడదీస్తాయి.

ఈ ఏర్పాటును మొదట బయటపెట్టినవాళ్లు అమెరికాలోని సియాటిల్‌లో పనిచేసిన ఎడ్విన్ క్రెబ్స్, ఎడ్మండ్ ఫిషర్. 1950ల మధ్యలో కండరాలలోని ఒక ఎంజైమును పరిశీలిస్తూ, ఫాస్ఫేటు అంటుకుంటే అది చురుకవుతుందని, ఊడిపోతే మందగిస్తుందని కనుక్కున్నారు. 1992లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. మనిషి జన్యువులన్నిటినీ జల్లెడ పట్టి 2002లో ప్రచురించిన జాబితాలో 518 ప్రోటీన్ కైనేజ్‌లు లెక్కకు వచ్చాయి.

ఈ కథలో ఒక తెలుగువాడి వేలిముద్ర కూడా ఉంది. కైనేజ్ వాడుకునే ఏటీపీని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలోని హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే, యల్లాప్రగడ సుబ్బారావులు విడివిడిగా వెలికితీశారు. అంతకు నాలుగేళ్ల ముందే, 1925లో, భీమవరంలో పుట్టిన ఈ సుబ్బారావు, ఫిస్కేతో కలిసి జీవపదార్థంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతిని రూపొందించారు. ఫాస్ఫేటు ఎక్కడ చేరింది, ఎక్కడ విడిపోయింది అన్నది తెలియాలంటే ముందు దాన్ని కొలవగలగాలి. ఆ పద్ధతి దశాబ్దాల పాటు ప్రపంచమంతటా జీవరసాయన ప్రయోగశాలల్లో నిత్యం వాడుకలో ఉంది.

ఒక్క అక్షరం తేడా

ఇక లార్క్‌-2 లోపలికి తొంగిచూద్దాం. కైనేజ్ భాగంలో రెండు తమ్మెలుంటాయి. వాటి మధ్య సందులో ఏటీపీ ఇముడుతుంది. ఆ సందు పక్కనే 2017, 2018, 2019 స్థానాల్లో మూడు అమైనో ఆమ్లాలున్నాయి: అస్పార్టిక్ ఆమ్లం, టైరోసిన్, గ్లైసిన్. మొదటిది మెగ్నీషియం అయాన్‌ను పట్టుకుని, ఏటీపీలోని ఫాస్ఫేటును సరైన వాటంలో నిలబెడుతుంది. చివరిదైన గ్లైసిన్ అమైనో ఆమ్లాలన్నిటిలోకీ చిన్నది, కాబట్టి ఆ మలుపు అటూ ఇటూ సులువుగా వంగుతుంది. పని లేనప్పుడు ఎంజైము విశ్రాంతి భంగిమలోకి జారుకోవడానికి ఈ వంగే గుణం తోడ్పడుతుంది.

జన్యువులో 6,055వ అక్షరం ‘జి’ బదులు ‘ఎ’ అయితే, 2019వ స్థానంలో గ్లైసిన్ పోయి సెరీన్ వచ్చి కూర్చుంటుంది. మారింది కొద్దిపాటి పరమాణువులే. కానీ ఎంజైము విశ్రాంతిలోకి వెళ్లడం తగ్గి, దాని చురుకుదనం రెండు మూడు రెట్లు పెరుగుతుంది. 2005లో వెలుగుచూసిన ఈ మార్పును ‘జి2019ఎస్’ అంటారు. వంశపారంపర్య పార్కిన్సన్స్‌కి ప్రపంచంలో ఎక్కువగా కనిపించే జన్యు కారణాల్లో ఇదొకటి. ఉత్తర ఆఫ్రికాలోని అరబ్, బెర్బర్ రోగుల్లో, అష్కెనాజీ యూదు రోగుల్లో ఇది మరీ ఎక్కువ. గూగుల్ సహవ్యవస్థాపకుడు సెర్గీ బ్రిన్ తనకు ఈ మార్పు ఉన్నట్టు 2008లో స్వయంగా ప్రకటించారు. అయితే ఇది ఉన్న ప్రతివారికీ జబ్బు రాదు. వయసు, ఇతర జన్యువులు, పరిసరాలు కలిస్తేనే ముప్పు ముదురుతుంది.

సరుకు రవాణా ఆగిపోతే

లార్క్‌-2 ఏ ప్రోటీన్ల మీద ఫాస్ఫేటు అతికిస్తుందన్న ప్రశ్న పన్నెండేళ్లు తేలలేదు. 2016లో స్కాట్లాండ్‌లోని డండీ విశ్వవిద్యాలయంలో డారియో అలెస్సీ, జర్మనీలో మథియాస్ మన్ బృందాలు కలిసి తేల్చాయి. ఆ ప్రయోగం ఆసక్తికరమైనది. ఎలుక కణాలకు లార్క్‌-2ను ఆపే మందు ఇచ్చి, ఏ ప్రోటీన్ల మీద ఫాస్ఫేటు తగ్గిందో మాస్ స్పెక్ట్రోమీటరుతో వెతికారు. తర్వాత అదే మందును, దానికి లొంగకుండా మార్చిన లార్క్‌-2 ఉన్న ఎలుక కణాలకిచ్చారు. మామూలు కణాల్లో తగ్గి, మందుకు లొంగని కణాల్లో తగ్గకపోతే అది నిజంగా లార్క్‌-2 పనే. అలా వడపోస్తే మిగిలినవి ర్యాబ్ ప్రోటీన్లు.

కణంలో సరుకులు చిన్న చిన్న పొర సంచుల్లో ప్రయాణిస్తాయి. ర్యాబ్ ప్రోటీను ఆ సంచికి అంటించిన చిరునామా చీటీ లాంటిది. మనిషిలో 60కి పైగా ర్యాబ్‌లున్నాయి. లార్క్‌-2 వాటిలో ర్యాబ్8, ర్యాబ్10 వంటి కొన్నిటి మీద ఫాస్ఫేటు అతికిస్తుంది. అతికించాక అవి పొర నుంచి ఊడి తిరిగి వాడుకలోకి రాలేవు, అక్కడే ఉండిపోతాయి. పీపీఎం1హెచ్ అనే ఫాస్ఫటేజ్ ఆ ఫాస్ఫేటును తొలగించి వాటిని విడిపిస్తుంది. లార్క్‌-2 జోరు పెరిగినప్పుడు ఈ సమతూకం తప్పుతుంది. కణంలో చెత్తను జీర్ణం చేసే లైసోజోములు దెబ్బతింటాయి. కణం మీద సన్నని రోమంలా పొడుచుకువచ్చే సీలియా ఏర్పడటం తగ్గుతుంది. పొరుగు కణాల రసాయన సంకేతాలను అందుకునేది ఈ సీలియానే. ఆ సంకేతాలు అందకపోతే, పార్కిన్సన్స్‌లో చనిపోయే డోపమైన్ నాడీకణాలను కాపాడే పోషక ప్రోటీన్ల తయారీ కుంటుపడుతుంది.

జన్యు మార్పు లేనివాళ్ల సంగతేమిటి? అమెరికాలోని పిట్స్‌బర్గ్ పరిశోధకులు 2018లో, మరణించిన రోగుల మెదడు కణజాలాన్ని పరిశీలించారు. జి2019ఎస్ లేని మామూలు పార్కిన్సన్స్ రోగుల డోపమైన్ కణాల్లోనూ లార్క్‌-2 జోరు ఎక్కువగా కనిపించింది. అంటే ఈ కైనేజ్ కథ కొన్ని కుటుంబాలకే పరిమితం కాకపోవచ్చు.

చంపడం కాదు, నెమ్మదింపజెయ్యడం

ఇప్పుడున్న ప్రధానమైన మందు లెవోడోపా 1960ల నాటిది. మెదడులో తగ్గిపోయిన డోపమైన్‌ను అది భర్తీ చేస్తుంది. మంచంపట్టినవాళ్లను నడిపించిన గొప్ప మందు అది. కానీ కణాలు చనిపోవడాన్ని ఆపదు. మూలాన్ని తాకే మందు కావాలంటే కైనేజ్‌లు అనువైనవి, ఎందుకంటే ఏటీపీ కూర్చునే సందులో సరిపడే అణువును ఇరికిస్తే వాటిని ఆపవచ్చు. 2001లో ఆమోదం పొందిన ఇమాటినిబ్ ఇలాగే ఒక రకం రక్త క్యాన్సరును అదుపు చేసింది.

లార్క్‌-2 విషయంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. ఈ ఎంజైము ఊపిరితిత్తుల్లో, మూత్రపిండాల్లో, రోగనిరోధక కణాల్లో కూడా బాగా పనిచేస్తూ ఉంటుంది. 2015లో కోతుల మీద చేసిన ప్రయోగంలో, దీన్ని గట్టిగా ఆపేసరికి ఊపిరితిత్తుల కణాల్లో మార్పులు వచ్చాయి. మందు ఆపాక అలాంటి మార్పులు సర్దుకుంటాయని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. కాబట్టి దీన్ని పూర్తిగా నిలిపెయ్యకూడదు, మామూలు స్థాయికి దించాలి. 2025లో స్టాన్‌ఫర్డ్‌కి చెందిన సుజాన్ ఫెఫర్ బృందం జి2019ఎస్ ఉన్న ఎలుకలకు మూడు నెలలు నిరోధక మందు తినిపిస్తే మెదడులో కోల్పోయిన సీలియా తిరిగి ఏర్పడింది. ఎలుకల్లో వచ్చిన ఫలితం మనుషుల్లోనూ వస్తుందని అనుకోకూడదు. బయోజెన్, డెనాలి కంపెనీలు 2022లో లార్క్‌-2 నిరోధక మందుపై తొలిదశ రోగులతో ‘లూమా’ అనే పరీక్ష మొదలుపెట్టి, సుమారు 650 మందిని చేర్చుకున్నది అందుకే. జన్యు మార్పు ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ అందులో చోటిచ్చారు.

మన దగ్గర ఏం చెయ్యాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019లో 85 లక్షల మందికి పైగా పార్కిన్సన్స్‌తో జీవిస్తూ ఉన్నారు. భారతీయ రోగుల్లో జి2019ఎస్ చాలా అరుదు. చైనా, జపాన్‌లలో కనిపించే మార్పులు వేరు. అలాంటప్పుడు మనవాళ్ల జబ్బు వెనుక ఉన్న జన్యువులేవో మనమే వెతుక్కోవాలి. యూరప్ కుటుంబాల సమాచారంతో తయారైన మందు తెలుగు రోగికి పనికొస్తుందా అన్న ప్రశ్నకు జవాబు మన రోగుల రక్త నమూనాల్లోనే ఉంది. సగమిహార కుటుంబం ఓపికగా ముందుకు రాకపోతే లార్క్‌-2 జాడ అంత త్వరగా దొరికేది కాదు.

అందుకే ఒక విన్నపం. ఇంట్లో పెద్దవాళ్ల చెయ్యి వణుకుతున్నా, నడక మందగించినా, రాత చిన్నదైపోతున్నా ‘వయసు మీద పడింది’ అని సరిపెట్టుకోకండి, న్యూరాలజిస్టుకు చూపించండి. వైద్యుడి సలహా లేకుండా సొంతంగా జన్యు పరీక్షలు చేయించుకుని బెంగపడకండి. డాక్టరు రాసిన మందు సొంతంగా ఆపకండి. మీరు వెళ్లే ఆసుపత్రిలో పార్కిన్సన్స్ జన్యు పరిశోధన జరుగుతూ ఉండి, మీ సమ్మతి అడిగితే, సందేహాలన్నీ తీర్చుకుని, వీలైతే ఒప్పుకోండి. మీరిచ్చే కొన్ని చుక్కల రక్తం రేపు మన వాళ్లకు సరిపడే మందును వెతకడానికి ఆధారమవుతుంది.