ఒక విశేషణం కథ

దక్షిణ అండమాన్‌లోని చౌల్దారీ వంటి గ్రామాల పరిసరాలలో కొబ్బరి మానుల మీదా, ఇంటి గోడల మీదా పట్టపగలు తిరిగే ఆకుపచ్చని బల్లి ఒకటి ఉంది. మన ఇళ్లలోని బల్లులు దీపాలు పెట్టిన తరువాత బయలుదేరితే, ఇది ఎండను కోరుతుంది. దీని శాస్త్రీయ నామం ఫెల్సుమా అండమానెన్సిస్. మొదటి పదం ఫాన్ ఫెల్సుమ్ అనే డచ్చి వైద్యుని స్మారకం. రెండవది లాటిన్ విశేషణం. 'అండమాన్‌కు చెందిన' అని దాని అర్థం.

స్థలనామం నుంచి విశేషణాన్ని పుట్టించే ప్రత్యయమే 'ఎన్సిస్'. భారతం నుంచి 'భారతీయ' పుట్టినట్లే ఇదీ. రోమనులు కార్తేజ్ వాసిని కార్తాగినియెన్సిస్ అన్నారు. ఇంగ్లీషులోని జపనీస్, చైనీస్ అనే మాటల తోక కూడా ఈ ప్రత్యయపు సంతతే.

తెలుగులో మంచి బాలుడు, మంచి బాలిక, మంచి పుస్తకం అంటాము, విశేషణం మారదు. లాటిన్‌లో మాత్రం, సంస్కృతంలో వలెనే, విశేష్యపు లింగాన్ని విశేషణం అనుసరించాలి. అయితే 'ఎన్సిస్' పుంలింగ, స్త్రీలింగాలలో ఒకే రూపంతో ఉంటుంది. ఫెల్సుమా స్త్రీలింగం, అండమాన్ జెముడుకాకి పేరులోని సెంట్రోపస్ పుంలింగం, రెండింటికీ అండమానెన్సిసే. నపుంసకంలో అది 'ఎన్సె' అవుతుంది. చెరకు ప్రజాతిలోని శాకారమ్ బెంగాలెన్సె ఇందుకు ఉదాహరణ.

'ఇకస్' ప్రత్యయానికి మూడు రూపాలున్నాయి. వేగిస ప్రజాతిలో టెరోకార్పస్ ఇండికస్, మామిడి మాంజిఫెరా ఇండికా, నువ్వులు సెసమమ్ ఇండికమ్. చింతచెట్టు టామరిండస్ ఇండికా కావడం వింతగా తోచవచ్చు. లాటిన్‌లో వృక్షనామాలను సాధారణంగా స్త్రీలింగాలుగా భావించడమే కారణం.

విశేషణం ఎల్లప్పుడూ పుట్టుకను చెప్పదు. చింతను లిన్నేయస్ 1753లో 'భారతీయ' అన్నాడు. దాని పుట్టిల్లు ఆఫ్రికా. కాని పినాంగా అండమానెన్సిస్ విషయంలో ఆ మాట అక్షరసత్యం. పోక కుటుంబానికి చెందిన ఈ సన్నని చెట్టును పాత ఎండు నమూనా ఆధారంగా 1934లో వర్ణించారు. 1992 వరకు అది అంతరించిందనే భావించారు. తరువాత దక్షిణ అండమాన్‌లో, 2021లో మౌంట్ మణిపూర్‌గా పేరు మారిన మౌంట్ హారియెట్ వద్ద, ఒక చిన్న సతతహరితారణ్యంలో అది కనిపించింది. ప్రకృతిలో దానికి తెలిసిన నివాసం అదే.

ఆ అడవి నశిస్తే అక్కడ విశేషణం మిగులుతుంది, విశేష్యం మిగలదు.