పంటిరేకుకు గాజునార

మాదాపూరులో సైబర్ టవర్స్ మేడ 1998లో తెరిచారు. ఇవాళ అక్కణ్ణించి గచ్చిబౌలి దాకా వెళ్ళి చూడండి. కాఫీ హోటలు తరవాత కంటికి ఎక్కువగా ఆనేది పంటివైద్యుల బోర్డే. నవ్వే మొగమొకటి, దాని కింద వెనీర్లు అనే మాట.

వెనీరంటే పంటి ముందువైపు అతికించే పలచని రేకు. మందం సుమారు అర మిల్లీమీటరు. పింగాణీతో గాని, కాంపొజిట్ అనే రెసిన్ ముద్దతో గాని చేస్తారు. 1928లో కాలిఫోర్నియా దంతవైద్యుడు చార్లెస్ పింకస్ హాలీవుడ్ తారలకోసం ఇటువంటివి చేశాడు. షూటింగు కాగానే వాటిని ఊడదీయవలసిందే! 1955లో మైకేల్ బ్యూనోకోర్, పంటి ఎనామిల్‌ను ఆమ్లంతో గరుకు చేస్తే రెసిన్ గట్టిగా పట్టుకొంటుందని చూపాడు. ఆ తరవాతనే రేకు నిలిచే దారి దొరికింది.

ఇదంతా షోకులరాయుళ్ళ గొడవ అనుకోకండి. నల్లగొండ పల్లెల్లో ఫ్లోరైడు నీళ్ళు తాగి పెరిగి, ఈ మేడల్లో ఉద్యోగాలకు వచ్చినవారున్నారు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వే పిల్లల్ని నా తరగతిలోనే చూశాను. మన కవులు పలువరుసను మల్లెమొగ్గలన్నారు, దానిమ్మగింజలన్నారు. ఈ గోధుమరంగు చారల పళ్ళ ఊసు ఎత్తినట్టు లేదు. ఎనామిల్ తయారయ్యే చిన్నవయసులో పడ్డ మచ్చ అది, తోమితే పోదు. 2016లో మొదలైన మిషన్ భగీరథ నదినీటిని ఊళ్ళకు తెచ్చింది గాని, ఎదిగినవాళ్ళ పళ్ళను కడగలేదు కదా!

రేకు వేయించుకొన్నాక వచ్చే చిక్కు, చిట్లడం. పింగాణీ గట్టిదే, కాని పెళుసు. గోళ్ళు కొరికినా, నిద్రలో పళ్ళు నూరినా అంచు లేచిపోతుంది. కాంపొజిట్ రేకయితే దాని బలం ఇంకా తక్కువ. ఇక్కడే నార పనికొస్తుంది. మట్టిగోడ పెట్టేటప్పుడు మన పెద్దలు మట్టిలో వరిగడ్డి వేసి తొక్కేవారు. గోడ బీటవారినా గడ్డి దాన్ని విడిపోనిచ్చేది కాదు. ఇదీ అంతే. రెసిన్‌లో తడిపిన సన్నని గాజుపోగులో, పాలిథిలీన్ అల్లికో అడుగున పరిచి, నీలికాంతితో గట్టిపరిచి, పైన పంటిరంగు కాంపొజిట్ వేస్తారు. పగులు నార దగ్గర ఆగుతుంది, లేదా పక్కకు మళ్ళుతుంది. ముక్క ఊడి చేతికి రాకుండా వేలాడినా, అతుకు వెయ్యడానికి వీలుంటుంది. నార మాత్రం బాగా తడవాలి, పైకి తేలకూడదు. తేలితే గరుకై మరకలు పడతాయి.

అయితే నారకూ చోటు కావాలి. విరిగిన పన్నును పొడిగించేచోట ఆ చోటు ఉంటుంది. అర మిల్లీమీటరు రేకులో ఎక్కడిది? నారకోసమని పన్ను ఇంకా అరగదీయడం నాకు అవివేకంగా తోస్తుంది. పింగాణీ రేకుకు అసలు బలం అడుగున ఉన్న ఎనామిల్‌తో అతుకే. ఆ ఎనామిల్ పోతే మళ్ళీ పుట్టదు. పైగా ఫ్లోరైడు సోకిన ఎనామిల్ ఆమ్లానికి సులువుగా లొంగదు. వైద్యుడు అక్కడ ఓపిక పట్టాలి.

కనుక కుర్చీ ఎక్కకముందే, ఎంత అరగదీస్తారని అడగండి. మచ్చలు లేతవైతే పైపొరను కాస్త రుద్ది తీసే పద్ధతి ఉంది, తెల్లబరిచే మందులున్నాయి. రెండో మాట వినాలంటే అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఉంది. పొద్దున్నే వెళ్ళడం మంచిది.