వ్యాఖ్యల వాకిలి – కాపలా

వాకిలి లేని ఇల్లు ఉండదు. వచ్చినవారినందరినీ లోనికి పిలిచే ఇల్లూ ఉండదు. వాకిలి తెరిచి ఉంచడం మర్యాద. వచ్చినది ఎవరో చూడడం వివేకం. అంతర్జాలంలో రాసుకునే బ్లాగుకు ఈ రెండూ అవసరమే. బ్లాగులో ప్రతి వ్యాసం కింద పాఠకుల అభిప్రాయాలకు కొంత చోటు ఉంటుంది. అదే దాని వాకిలి. ఆ చోటును ప్రకటనలతో, మోసపు లంకెలతో నింపే అవాంఛిత వ్యాఖ్యలను ‘స్పామ్’ అంటారు.

జఫర్‌గఢ్‌కు చెందిన ఒక విద్యార్థి తన ఊరి కోటను గురించి పెద్దలను అడిగి తెలుసుకొని ఒక వ్యాసం రాశాడనుకుందాం. దూరదేశంలో ఉన్న ఆ ఊరివాడొకడు దానిని చదివి, తన తాత చెప్పిన ఒక ముచ్చటను వ్యాఖ్యగా చేర్చాడు. ఆ ముచ్చట మరే పుస్తకంలోనూ లేదు. వారం గడిచేసరికి దాని చుట్టూ మందుల ప్రకటనలు, జూదపు ఆహ్వానాలు, బహుమతి వచ్చిందనే అబద్ధాలు రెండు వందలు చేరాయి. విసిగిన విద్యార్థి వ్యాఖ్యలన్నింటినీ ఒక్కసారిగా తుడిచివేస్తే, వాటితోపాటు ఆ ముచ్చట కూడా పోతుంది. స్పామ్ వల్ల కలిగే అసలు నష్టం ఇదే. అది చెత్తను తెచ్చిపెట్టడంతో ఆగక మంచి మాటను కూడా మరుగుపరుస్తుంది.

పేరు వెనుక కథ

స్పామ్ అనేది 1937లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన డబ్బా మాంసం పేరు. 1970లో ఒక బ్రిటిష్ హాస్యనాటికలో, ఫలహారశాలలోని దాదాపు ప్రతి వంటకంలోనూ ఇదే ఉంటుంది. ఆ మాట పదే పదే వినిపించి మిగిలిన సంభాషణను ముంచివేస్తుంది. కంప్యూటర్లవారు ఈ పోలికనే స్వీకరించారు. 1978 మే 3న గ్యారీ థుయర్క్ అనే కంప్యూటర్ కంపెనీ ఉద్యోగి సుమారు 400 మందికి ఒకే ప్రకటనను పంపాడు. అవాంఛిత విద్యుల్లేఖలలో మొదటిదిగా దానినే పేర్కొంటారు. 1994లో అమెరికాకు చెందిన ఇద్దరు న్యాయవాదులు తమ ప్రకటనను వేలాది చర్చావేదికలలో ఒకేసారి గుమ్మరించడంతో స్పామ్ అనే మాట లోకప్రసిద్ధమయింది.

ఎందుకు రాస్తారు?

ఎవరూ చదవని వ్యాఖ్యను రాయడం వల్ల ఎవరికి లాభం? నిజానికి ఈ వ్యాఖ్యలు చాలావరకు మనుషుల కోసం రాసినవి కావు, శోధనయంత్రాల కోసం రాసినవి. ఒక పుటకు ఎన్ని చోట్లనుండి లంకెలున్నాయో చూసి దాని విలువను కట్టే పద్ధతిని 1998లో గూగుల్ స్థాపకులు వెలువరించారు. దాంతో లంకెకు ధర ఏర్పడింది. పరుల పుటలలో తమ లంకెలను నాటే పనిని వ్యాపారులు యంత్రాలకు అప్పగించారు. యంత్రానికి అలుపు లేదు. వేయి వ్యాఖ్యలకైనా లక్ష వ్యాఖ్యలకైనా దానికయ్యే ఖర్చు స్వల్పమే.

ఈ మూలాన్ని దెబ్బతీయడానికి 2005 జనవరిలో గూగుల్, యాహూ, ఎంఎస్ఎన్ సంస్థలు ‘నోఫాలో’ అనే గుర్తును ఆమోదించాయి. ఆ గుర్తు ఉన్న లంకెకు విలువ కట్టకూడదన్నది దాని ఉద్దేశం. లాభం తగ్గింది గాని ఆశ చావలేదు. మనుషులను మోసగించే లంకెలు అలాగే మిగిలాయి.

ప్రక్షిప్తం – పాత రోగం

పరుల రచనలో తమ మాటలను చొప్పించడం తెలుగువారికి కొత్త విషయం కాదు. తాళపత్రాల కాలంలో లేఖకులు చేర్చిన పద్యాలను పండితులు ప్రక్షిప్తాలన్నారు. వేమన పద్యాల మకుటం అందరికీ తెలిసినదే కనుక, దానిని తగిలించి ఎవరైనా పద్యం చెప్పగలిగారు. అందుచేత వేమన పేరున ఉన్న పద్యాలలో అతనివి ఏవో తేల్చడం సి.పి. బ్రౌన్ కాలం నుండి నేటి వరకు పరిశోధకులకు కష్టంగానే ఉంది.

అయితే చేర్చిన ప్రతి మాటా దోషం కాదు. జఫర్‌గఢ్‌కు సమీపంలోని బమ్మెర పోతన స్వగ్రామంగా ప్రసిద్ధి పొందింది. ఆయన భాగవతంలో పంచమ స్కంధాన్ని గంగన, షష్ఠ స్కంధాన్ని సింగన, ఏకాదశ, ద్వాదశ స్కంధాలను వెలిగందల నారయ పూరించారు. వారు తమ పేర్లను దాచుకోలేదు. పేరు చెప్పుకొని, సందర్భానికి తగిన మాటను చేర్చినవాడు సహకర్త. పేరు మార్చుకొని, సందర్భం లేని మాటను చొప్పించినవాడు చొరబాటుదారు. మంచి వ్యాఖ్యకూ స్పామ్‌కూ ఉన్న తేడా ఇదే.

కాపలా పద్ధతులు

స్పామ్‌ను అరికట్టే సాధనాలు ముఖ్యంగా నాలుగు.

మొదటిది ముందస్తు పరిశీలన. వచ్చిన వ్యాఖ్యను బ్లాగు యజమాని చదివి ఆమోదించిన తరువాతనే ప్రకటిస్తారు. ఇది కట్టుదిట్టమైనదే గాని, రోజూ శ్రద్ధ చూపాలి. పాత వ్యాసాల కింద వ్యాఖ్యలను కొంతకాలానికి మూసివేస్తే ఈ శ్రమ తగ్గుతుంది.

రెండవది మనిషినీ యంత్రాన్నీ వేరుచేసే పరీక్ష. వంకరటింకర అక్షరాలను చూపి వాటిని చదివి రాయమనే ఈ పరీక్షకు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ‘క్యాప్చా’ అని పేరుపెట్టారు. వారిలో ఒకరైన లూయిస్ వాన్ ఆన్ 2007లో మరో అడుగు వేశాడు. పాత పుస్తకాలలో యంత్రం చదవలేని పదాలను పరీక్షగా ఇచ్చి, పాఠకులచేతనే వాటిని చదివించాడు. కాపలాకు పడిన శ్రమ గ్రంథరక్షణకు పనికివచ్చింది. కాని చూపులేనివారికి ఇటువంటి పరీక్ష అడ్డుగోడ అవుతుంది.

మూడవది ఎర. వ్యాఖ్యాపత్రంలో మనిషి కంటికి కనిపించని ఒక గడిని ఉంచుతారు. మనిషి దానిని ఖాళీగా వదిలివేస్తాడు. యంత్రం మాత్రం గడులన్నింటినీ నింపి పట్టుబడుతుంది.

నాలుగవది జల్లెడ. నూరు స్పామ్ వ్యాఖ్యలలో 40 చోట్ల, నూరు మంచి వ్యాఖ్యలలో రెండు చోట్ల మాత్రమే ‘బహుమతి’ అనే మాట ఉందనుకుందాం. రెండు రకాలూ సమానంగా వస్తున్నప్పుడు, ఆ మాట ఉన్న కొత్త వ్యాఖ్య స్పామ్ అయ్యే అవకాశం 42లో 40 పాళ్లు. ఇలా ప్రతి మాటకూ లెక్క కట్టి మొత్తాన్ని తూచే పద్ధతికి 18వ శతాబ్దపు గణితవేత్త థామస్ బేయస్ సూత్రమే ఆధారం. 2005లో వచ్చిన ‘అకిస్మెట్’ వంటి సేవలు అనేక బ్లాగులలో దొరికిన స్పామ్‌ను ఒకచోట చేర్చి, ఒకరి అనుభవాన్ని అందరికీ రక్షణగా మార్చాయి.

జల్లెడ పొరపడితే

జల్లెడలో కొన్నిసార్లు తవుడుతోపాటు గింజ కూడా జారిపోతుంది. ఆంగ్ల వాక్యాలతోనే శిక్షణ పొందిన జల్లెడ తెలుగు వ్యాఖ్యను అపరిచితమని పక్కన పెట్టవచ్చు. మరోవైపు నేటి యంత్రాలు వ్యాసానికి తగినట్లు కనిపించే మెచ్చుకోలు వాక్యాలను రాసి, వాటిలో లంకెను దాచగలుగుతున్నాయి. అందువల్ల జల్లెడ పట్టినదానిని వెంటనే నాశనం చేయరాదు. పుణెలోని భండార్కర్ సంస్థవారు 1919 నుండి 1966 వరకు శ్రమించి మహాభారతాన్ని పరిష్కరించినప్పుడు, ప్రక్షిప్తాలని తోచినవాటిని పారవేయలేదు. వాటిని అధోజ్ఞాపికలలో, అనుబంధాలలో భద్రపరిచారు. బ్లాగు యజమాని కూడా అనుమానిత వ్యాఖ్యలను విడిగా ఉంచి, వాటిని ఒకసారి చూసిన తరువాతనే తొలగించాలి.

చట్టం విషయంలోనూ ఇటువంటి జాగ్రత్తే అవసరం. చికాకు కలిగించే సందేశాలను శిక్షార్హం చేసిన సమాచార సాంకేతిక చట్టంలోని 66ఎ విభాగాన్ని 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఆ విభాగంలోని మాటలు ఎంతో విశాలమైనవి కావడంతో భావప్రకటన స్వేచ్ఛకు భంగం కలుగుతోందని భావించింది. నచ్చని విమర్శ వేరు, స్పామ్ వేరు. విమర్శను స్పామ్ పేరిట తొలగించేవాడు తన వాకిలిని తానే మూసుకుంటాడు. ఇక లంకెను నమ్మి డబ్బు పోగొట్టుకున్నవారు ఆలస్యం చేయక 1930 సంఖ్యకు ఫోన్ చేయాలి.

సాధనాలు ఎన్ని ఉన్నా, చివరి నిర్ణయం చదివే మనిషిదే. వ్యాసం రాసినంత శ్రద్ధతో దాని కింది మాటలను కూడా చదివిననాడు, రెండు వందల చెత్త మాటల నడుమ ఉన్న ఆ తాత ముచ్చట నిలుస్తుంది.

అభ్యాసం

1. అవాంఛిత వ్యాఖ్యల వెనుక ఉన్న ఆర్థిక కారణాన్ని వివరించండి.
2. సహకర్తకూ ప్రక్షిప్తకారునికీ గల భేదాన్ని ఉదాహరణలతో తెలపండి.
3. అనుమానిత వ్యాఖ్యలను వెంటనే తొలగించరాదనడానికి కారణాలేమిటి?