పెంపుడు జంతువుల పేరిట విరాళాలు: ఎలా సేకరించాలి, ఎక్కడ జాగ్రత్త పడాలి

ఈమధ్య సంఘంలోని యువతీ యువకులు కొందరు మా దగ్గరకు వచ్చి ఒక మాట అడిగారు. "అమ్మా, మా ఇళ్లలో ఉన్న కుక్కపిల్లలు, పిల్లులు, కోళ్లు, దూడల ఫొటోలు తీసి అందరికీ ఫోనులో పంపిస్తాం. నచ్చిన ఫొటోకు పది రూపాయలు వేయమని అడుగుతాం. వచ్చిన డబ్బు బీద రోగుల నిధికి ఇస్తాం. ఇలా చేయవచ్చా?" అని.

చేయవచ్చు, మంచి ఆలోచనే అన్నాము. కానీ ఇందులో ముందే తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. వారికి చెప్పిన ఆ మాటలనే ఇక్కడ అందరి కోసం రాస్తున్నాము.

పందిపిల్ల తెచ్చిన 25 డాలర్లు

జంతువు పేరిట ధర్మం కోసం డబ్బు పోగుచేయడం కొత్త విషయం కాదు. 1913లో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో, వైట్ క్లౌడ్ అనే చిన్న ఊరిలో విల్బర్ చాప్‌మన్ అనే అబ్బాయి ఉండేవాడు. కుష్ఠువ్యాధిగ్రస్తుల సేవా సంస్థలో పనిచేసే విలియం డానర్ ఆ ఇంటికి అతిథిగా వచ్చి, వెళ్లేటప్పుడు అబ్బాయి చేతిలో మూడు వెండి డాలర్లు పెట్టాడు. విల్బర్ వాటితో మిఠాయిలు కొనుక్కోలేదు. ఒక పందిపిల్లను కొని, దానికి పీట్ అని పేరు పెట్టి, మేపి పెద్ద చేశాడు. దాన్ని అమ్మితే 25 డాలర్లు వచ్చాయి. ఆ డబ్బును కుష్ఠురోగుల సహాయానికి పంపించాడు.

ఈ సంగతి తెలిసి అమెరికాలోని ఎన్నో ఆదివారపు బడుల్లో పిల్లలు పంది ఆకారంలో ఉన్న డబ్బుల డిబ్బీలు పెట్టుకుని రోగుల కోసం పైసలు దాచడం మొదలుపెట్టారు. పంది డిబ్బీలు పుట్టింది అక్కడేనని కొందరు అంటారు కానీ అది నిజం కాదు. జావా దీవిలో అయిదారు వందల ఏళ్ల క్రితమే మట్టితో చేసిన పంది ముంతలు ఉండేవి. పీట్ చేసింది వేరే పని. దూరదేశంలోని రోగి ముఖం ఎన్నడూ చూడని పిల్లలకు, ఆ రోగి కోసం దాచడానికి ఒక కారణం ఇచ్చింది.

మనకు ఇది బాగా అర్థమవుతుంది. కోతకాలపు పండుగకు మన పల్లెల్లో కోడిపెట్టను, మేకపిల్లను ముందే అనుకుని పెంచి, గుడికి తెచ్చి వేలం వేయడం మనం చూస్తూనే ఉన్నాము. పిల్ల మేపిన కోడి వేలానికి వస్తే బజారు ధర కన్నా ఎక్కువే పాడతారు. అక్కడ కొనేది కోడిని మాత్రమే కాదు, ఆ పిల్ల చేసిన కష్టాన్ని కూడా.

మనసు ఒక్కరిని చూసి కరుగుతుంది

ఇంగ్లండులోని స్లౌ రైల్వేస్టేషనులో 1890లలో జిమ్ అనే కుక్క ఉండేది. దాని వీపు మీద చందా పెట్టె కట్టేవారు. ఎవరైనా నాణెం వేస్తే అది మొరిగేది. ఆ డబ్బు రైల్వే ఉద్యోగుల వితంతువులకు, అనాథ పిల్లలకు వెళ్లేది. 1896లో జిమ్ చనిపోయింది. దాని దేహాన్ని చెడిపోకుండా భద్రపరచి, అదే స్టేషను ప్లాట్‌ఫారం మీద అద్దాల పెట్టెలో ఉంచారు.

మన కాలంలో ఇదే పని ఇంటర్నెట్ ద్వారా జరిగింది. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో 2011లో లిల్ బబ్ అనే పిల్లి పుట్టింది. పుట్టుకతోనే దానికి ఎన్నో లోపాలు. పళ్లు లేవు, దవడ సరిగా ఎదగలేదు, నాలుక ఎప్పుడూ బయటికే ఉండేది. ఎముకలు అతిగా గట్టిపడిపోయే ఆస్టియోపెట్రోసిస్ అనే అరుదైన జబ్బు కూడా ఉండేది. ఈ జబ్బు మనుషుల్లోనూ, చాలా అరుదుగా, వస్తుంది. పెంచుకున్న ఆయన దాని ఫొటోలు ఇంటర్నెట్‌లో పెడితే లక్షలాది మంది అభిమానులయ్యారు. 2019 డిసెంబరులో అది చనిపోయేలోగా, సహాయం అవసరమైన ఇతర జంతువుల కోసం దాని పేరిట 7 లక్షల డాలర్లకు పైగా పోగయ్యాయి. లోపంతో పుట్టిన ఒక ప్రాణి వల్ల అలాంటి ఎన్నో ప్రాణులకు మేలు జరిగింది.

మన మనసు ఎందుకిలా పనిచేస్తుంది? 2007లో అమెరికా పరిశోధకులు ప్రచురించిన ఒక పరిశీలనలో కొందరి చేతికి అయిదు డాలర్లు ఇచ్చి, అందులోంచి ఆకలి బాధితులకు ఎంత ఇస్తారో చూశారు. లక్షల మంది ఆకలితో ఉన్నారని లెక్కలు చూపించినప్పుడు సగటున 1.14 డాలర్లు ఇచ్చారు. ఒకే ఒక్క పాప పేరు, ఫొటో చూపించినప్పుడు 2.38 డాలర్లు ఇచ్చారు. లెక్క కన్నా ముఖం ఎక్కువ కదిలిస్తుంది. కుక్కపిల్ల ఫొటోకు ఉన్న బలం కూడా అదే. ఆ బలం పెద్దది కాబట్టే దాన్ని వాడుకునే వారి బాధ్యత కూడా పెద్దది.

మా పౌడరు డబ్బా సంగతి

ఈ విషయంలో మేము ఒకసారి పొరపాటు చేశాము. చాలా ఏళ్ల క్రితం మేము పనిచేసిన ఒక చోట నర్సింగ్ హాస్టలు ఆవరణలో గోధుమరంగు కుక్క ఒకటి ఉండేది. రాణి అని పిలిచేవాళ్లం. నైట్ డ్యూటీకి వెళ్లే అమ్మాయిలను హాస్టలు నుంచి వార్డు మెట్ల దాకా దిగబెట్టి వచ్చేది. ఒక రాత్రి ఆటో తగిలి దాని వెనుక కాలు విరిగింది. పౌడరు డబ్బా మూతకు కంత పెట్టి అందరినీ అడిగాము. నర్సులు వేశారు, ఆయాలు వేశారు, రోగులకు తోడుగా ఉన్నవారు కూడా వేశారు. పశువుల డాక్టరు గారు కట్టు కట్టారు. రాణి కుంటుకుంటూనే మళ్లీ డ్యూటీ ఎక్కింది.

ఖర్చు పోను డబ్బు మిగిలింది. దానితో వార్డులో ఉన్న ఒక బీద రోగికి మందులు కొన్నాము. మంచి పనే. కానీ ఎవరికీ చెప్పలేదు, కాగితం మీద రాయలేదు. కొన్ని వారాలకు ఒక ఆయా నిలబెట్టి అడిగింది: "అక్కా, కుక్క పేరు చెప్పి తీసుకున్న డబ్బు ఏమైంది?" మా దగ్గర జవాబు ఉంది, రుజువు లేదు. ఆమె ఇంకేమీ అనలేదు. ఆ తరువాత ఒక పసిబిడ్డ ఆపరేషను కోసం అదే డబ్బా పట్టుకుని తిరిగితే చాలా చేతులు ముందుకు రాలేదు. మేము ఒక్క రూపాయి తినలేదు. అయినా మా అజాగ్రత్త ఖరీదును ఆ బిడ్డ తల్లి చెల్లించింది. ఈ కింద రాసిన నియమాలు చాలావరకు ఆ రోజు నేర్చుకున్నవే.

ఎలా చేయాలి?

1. పని ఏమిటో, ఎంత కావాలో ముందే చెప్పండి. "బీదల కోసం" అంటే చాలదు. "ఇద్దరు రోగుల కంటి ఆపరేషనుకు ఇంత మొత్తం కావాలి, ఫలానా తేదీ వరకు సేకరిస్తాము" అని చెప్పండి. ఎక్కువ వస్తే మిగిలినది దేనికి వాడతారో కూడా మొదటి రోజే రాసి పెట్టండి. మేము చేయనిది ఇదే.

2. డబ్బు ఒకరి చేతిలో ఉండకూడదు. నగదును ఎప్పుడూ ఇద్దరు కలిసి లెక్కపెట్టి, పుస్తకంలో రాసి, ఇద్దరూ సంతకం చేయాలి. ఇచ్చినవారికి రశీదు ఇవ్వాలి. ఫోను ద్వారా తీసుకుంటే క్యూఆర్ కోడ్ సంస్థ ఖాతాదే అయి ఉండాలి, ఎవరి సొంత ఖాతాదీ కాకూడదు. డబ్బు వేసేవారు కూడా స్క్యాన్ చేశాక ఏ పేరు వచ్చిందో చూసుకుని, ఆ తరువాతే పిన్ నొక్కాలి. గాయపడిన కుక్క ఫొటో పెట్టి సొంత ఖాతాకు డబ్బు లాగే మోసగాళ్లు ఉన్నారు. డబ్బు తీసుకోవడానికి పిన్ అవసరం లేదని గుర్తుంచుకోండి.

3. విదేశాల్లో ఉన్న పిల్లలు పంపే డబ్బు. మన కుటుంబాల్లో చాలామంది పిల్లలు అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్నారు. భారత పౌరసత్వం ఉన్నవారు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. ఇతర దేశ పౌరసత్వం తీసుకున్నవారు ఇస్తే, వారు మన కన్నబిడ్డలే అయినా, అది విదేశీ విరాళమే. దానికి 2010 నాటి చట్టం వర్తిస్తుంది. ఆ చట్టం కింద అనుమతి ఉన్న సంస్థే, అందుకోసం ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాలోనే దాన్ని తీసుకోవాలి. కాబట్టి యువజన బృందం అలాంటి డబ్బును తమ ఖాతాకు తెప్పించుకోకూడదు. ముందు ఆసుపత్రి ఆఫీసులో అడగండి.

4. జంతువును కష్టపెట్టకండి. ఫొటో కోసం రంగులు పూయడం, బిగుతు బట్టలు తొడగడం, ఎండలో నిలబెట్టడం వద్దు. రామచిలుకలను పంజరంలో, నక్షత్ర తాబేళ్లను ఇంట్లో ఉంచుకోవడం వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం. అలాంటి ఫొటోలు తీసుకోమని ముందే ప్రకటించండి.

5. జంతువులను ఒకచోట చేర్చకుండా ఫొటోలతో సరిపెట్టడం మంచిది. కొత్త చోట, కొత్త మనుషుల మధ్య సాధు కుక్క కూడా బెదిరి కరవవచ్చు. తప్పనిసరిగా తేవాలంటే రేబిస్ టీకా కార్డు చూసి, మెడకు తాడు ఉంటేనే రానివ్వండి. కుక్కలకు, పిల్లులకు మూడు నెలల వయసులో మొదటి టీకా వేయించి, ఆ తరువాత పశువైద్యులు చెప్పిన ప్రకారం మళ్లీ మళ్లీ వేయించాలి. వార్డుల్లోకి మాత్రం జంతువులను తేవద్దు. కోళ్లను, కుక్కలను ముట్టుకున్న పిల్లలు సబ్బుతో చేతులు కడుక్కున్నాకే తినాలి.

6. పిల్లల ఫొటోల విషయంలో జాగ్రత్త. కుక్కపిల్లతో పాటు పాప ఫొటో పెడితే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. ఇంటి చిరునామా, బడి పేరు, ఫోను నంబరు పెట్టకూడదు.

కరిచినా, గీరినా

కుక్క గానీ పిల్లి గానీ కరిచినా, గోళ్లతో గీరి రక్తం వచ్చినా, వెంటనే కుళాయి కింద ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడగండి. గడియారం చూసుకుని కడగండి, 15 నిమిషాలు మనం అనుకునేదాని కన్నా ఎక్కువ సేపు. పసుపు, సున్నం, కారం, ఆకు పసర్లు పెట్టవద్దు. గట్టిగా కట్టు కట్టవద్దు. అదే రోజు ఆసుపత్రికి రండి. టీకా ఎన్ని మోతాదులో డాక్టరు చెబుతారు, ఒక్కటి కూడా మానకూడదు. లోతు గాయమైతే గాయం చుట్టూ వేసే మరో ఇంజెక్షను కూడా అవసరం. ప్రభుత్వ ఆసుపత్రులలో టీకా ఉచితంగా వేస్తారు. రేబిస్ లక్షణాలు ఒకసారి మొదలైతే మనిషి బతకడం దాదాపు అసాధ్యం. "మన ఇంటి కుక్కే కదా" అని ఆగిపోవద్దు.

సెప్టెంబరు 28 ప్రపంచ రేబిస్ దినం. లూయీ పాశ్చర్ 1895లో కన్నుమూసిన తేదీ అది. మీ కార్యక్రమానికి తేదీ వెతుక్కుంటున్నట్లయితే ఆ వారం పెట్టుకోండి. విరాళాలతో పాటు ఊరి కుక్కలకు టీకాలు వేయించే పని కూడా చేయవచ్చు.

చివరి రోజు చేయవలసిన పని

తేదీ అయిపోయాక ఒక కాగితం మీద వచ్చినది ఎంత, ఖర్చయినది ఎంత, మిగిలినది ఎంత, అది ఎక్కడ ఉంది అనే నాలుగు లెక్కలు రాయండి. గుడి నోటీసు బోర్డు మీద అంటించండి, ఫొటోలు పంపిన ఫోను గ్రూపులో కూడా పెట్టండి. పది రూపాయలు ఇచ్చిన ఆయాకు, పదివేలు ఇచ్చిన పెద్దమనిషికి అదే కాగితం చూపించండి. సహాయం పొందిన రోగి పేరు, ఫొటో మాత్రం వారి అనుమతి లేకుండా వేయకండి. కుక్కపిల్లకు సిగ్గు లేదు, రోగికి ఉంటుంది.

యువజనులకు మేము ఇచ్చిన సలహా ఇంతే. వారు లెక్కల పుస్తకం కొని తెచ్చి, మొదటి పేజీలో ఇద్దరి పేర్లు రాసి మాకు చూపించారు. ఫొటోల సంగతి తరువాత, ముందు ఇది తెచ్చారు కదా అని మాకు చాలా సంతోషమైంది. మొదటి రశీదు మేమే రాయించుకున్నాము.

— నర్సింగ్ సూపరింటెండెంట్