పాత పంపు తుపాకిలో తూటాలు సరిగా ఎక్కకపోవుట: కారణములు, చికిత్స

ఒంటిగొట్టపు తుపాకిలోను, జోడుగొట్టముల తుపాకిలోను యజమాని తూటాను స్వయముగా చేతితో గదిలో నుంచును గావున అందు తూటా ఎక్కుటలో తడబాటు అరుదు. పంపు తుపాకి సంగతి వేరు. ముందుపిడిని వెనుకకు లాగి ముందుకు త్రోయగా యంత్రమే కాలిన తూటాను పారవైచి, క్రొత్తదానిని గదిలోని కెక్కించును. తుపాకి పాతబడినకొలది ఈ అందించు భాగములు అరిగి, నిండుతూటా నడుమ చిక్కుకొనుచుండును. అట్టి సమయమున తొందరపడినవారు ప్రాణము మీదికి తెచ్చుకొందురు. కావున దోషమును గుర్తించు విధమును, యజమాని చేయదగిన పనిని, చేయరాని పనిని ఇందు వివరించుచున్నాము.

ఈ జాతి తుపాకులు అమెరికాలో వృద్ధిపొందినవి. జాన్ బ్రౌనింగు రూపొందించిన విన్‌చెస్టరు 1897 నమూనా 1957 వరకు తయారై, పది లక్షలకు మించి అమ్ముడైనది. రెమింగ్టను 870 నమూనా 1950లో వెలువడినది. పేర్లు వేరైనను వీని పనితీరు ఇంచుమించు ఒక్కటే.

ముందుగా చేయవలసినది: తుపాకి మూతిని మనుష్యులు, పశువులు లేని దిక్కునకు త్రిప్పవలెను. తూటాలన్నిటిని తీసి వేరొక గదిలో నుంచవలెను. గదిని, తూటాగొట్టమును కంటితో చూచి, వ్రేలితో తడవి, ఖాళీయని నిశ్చయించుకొనవలెను. పరీక్షకు మందుగాని టోపీగాని లేని ఉత్తతూటాలనే వాడవలెను. 1897 నమూనాలో ట్రిగ్గరును నొక్కి పట్టియుండగా ముందుపిడిని త్రోసినయెడల గది మూతపడినంతనే తుపాకి పేలును. ఈ యొక్క కారణము చాలును, నిండుతూటాలతో పరీక్షింపరాదనుటకు.

తూటా నడక: గొట్టము క్రిందనుండు తూటాగొట్టములో స్ప్రింగు తూటాలను వెనుకకు నెట్టుచుండును. ద్వారముకడ రెండు గడియలు కలవు. 870 నమూనాలో ముందుపిడి పూర్తిగా వెనుకకు వచ్చినపుడు ఎడమగడియ తొలగి ఒక తూటాను విడుచును. కుడిగడియ రెండవదానిని అడ్డగించును. వెలువడిన తూటాను ఎత్తుపలక పైకెత్తగా, బోల్టు దానిని గదిలోనికి త్రోయును. ఎచ్చట ఆగినదో చూచినచో దోషము ఎచ్చటనున్నదో తెలియును.

మొదటి దోషము, తూటా బయటికి రాకుండుట: స్ప్రింగు బలహీనపడుటయో, తూటాగొట్టములో త్రుప్పుగాని, జిడ్డుగాని, సొట్టగాని ఉండుటయో దీనికి కారణము. చిక్కని నూనె పోసినచో దుమ్ము పట్టి బంకయగును. గొట్టమును గుడ్డతో తుడిచి, పొడిగా, నూనె పొర మాత్రము మిగులునట్లు ఉంచవలెను. మూత విప్పునపుడు స్ప్రింగు ఎగిరి కంటికి తగులవచ్చును. ముఖమును ప్రక్కకు పెట్టుకొనవలెను. తూటాల సంఖ్యను తగ్గించుటకు లోపల కొయ్యముక్క నుంచు ఆచారము కలదు. వలసపక్షుల వేటలో మూడు తూటాలకు మించరాదని అమెరికాలో 1935లో నియమమేర్పడెను. ఆ కొయ్య తేమకు ఉబ్బిననూ స్ప్రింగు ఆడదు.

రెండవ దోషము, రెండు తూటాలు ఒకేసారి వచ్చుట: కుడిగడియ అరిగిననో, వదులైననో రెండవ తూటా తప్పించుకొని వచ్చి యంత్రమును బిగించివేయును. తూటాను నింపునపుడు గడియ పడిన చప్పుడు వినబడునంతవరకు నెట్టకపోయిననూ ఇట్లే జరుగును. పాత 870 తుపాకులలో తూటా బోల్టు క్రిందికి జారి, ఎత్తుపలకపై నిలిచి, ఏ దారియు లేకుండ చేయు దోషముండెను. 1980 దశకములో ఎత్తుపలకకు చీలిక పెట్టి, వంగు నాలుక నమర్చి దీనిని సవరించిరి.

మూడవ దోషము, కాలిన తూటా గదిలోనే మిగులుట: ఇది ఎక్కుటలోని లోపమువలె కనబడును గాని, నిజమునకు తీయుటలోని లోపము. కొక్కెము అరిగిననో, గదిలో త్రుప్పు గరుకులున్ననో పాతది రాక, క్రొత్తది దాని వెనుక తగులుకొనును. ముందు గదిని బ్రష్షుతో శుభ్రపరచి చూడవలెను.

ఇవన్నియు గాక, తుపాకి దోషమే లేకుండ కలుగు చిక్కు ఒకటి కలదు. ముందుపిడిని భయముతోనో బద్ధకముతోనో సగము మాత్రమే లాగిన ఎడమగడియ విడువదు, కాలినది పోదు. కొసవరకు లాగి, కొసవరకు త్రోసినచో పెక్కు తుపాకులు కుదుటపడును.

తూటాల విషయము: తేమ తగిలి ఉబ్బిన కాగితపు తూటాలు గదిలోనికి పోవు, వానిని బలవంతముగా ఎక్కింపరాదు. 12 బోరులో 65 మిల్లీమీటర్ల గదులును, 70 మిల్లీమీటర్ల గదులును కలవు. తూటాపై వ్రాసిన పొడవు పేలిన పిమ్మట మడత విచ్చుకొన్న పొడవు. కావున పొడుగుతూటా పొట్టిగదిలో సులభముగా ఇమిడినను, పేలినపుడు నోరు విచ్చుకొనుటకు చోటులేక ఒత్తిడి హెచ్చును. 20 బోరు తూటా 12 బోరు గొట్టములో జారిపడి ముందు నిలుచును. దాని వెనుక 12 బోరు తూటా నెక్కించి కాల్చినచో గొట్టము పగులును. 1897కు ముందు వచ్చిన విన్‌చెస్టరు 1893 నమూనా నల్లమందు కొరకు చేసినది. నేటి పొగలేనిమందు తూటాలకు తగదు.

చిక్కుకొన్న నిండుతూటాను సుత్తితో కొట్టుట, కుందాను నేలకు మోదుట, చువ్వతో పొడుచుట కూడదు. సులువుగా రానియెడల మూతిని సురక్షిత దిక్కున నుంచి, నేర్పరి చేత విడిపింపవలెను. తుడుచుట యజమాని పని. గడియలు, కొక్కెము, ఎత్తుపలకలు మార్చుట, ఆకురాయి పట్టుట నేర్పరి పని. తుపాకుల మరమ్మతు వృత్తికి 1959 ఆయుధచట్టము ప్రకారము లైసెన్సు వలయును. కావున ఊరి కమ్మరిచేతి కీయక, లైసెన్సుగల మరమ్మతుదారుని వద్దకే కొనిపోవలెను.

పైరును పాడుచేయు అడవిపందినైనను 1972 వన్యప్రాణి చట్టమును బట్టి అనుమతి లేక కాల్చరాదని సభ్యులు మరువరాదు. అనుమతి కలిగియున్నవారును పంటకాపునకు పోవుటకు ముందు పగటివేళ ఉత్తతూటాలతో తుపాకిని నాలుగైదు మారులు ఆడించి చూచుకొనవలెను. చీకటిలో మంచెపై తుపాకి బిగిసినపుడు దోషమును వెదకుట కంటె, ఇంటి అరుగుపై వెలుతురున వెదకుట మేలు.