వెండి నీళ్లకు ఎండ తగిలితే

రెండు మేలిమి వెండి తీగలు, 9 వోల్టుల బ్యాటరీలు మూడు, ఇన్వర్టర్‌లో పోసే డిస్టిల్డ్ వాటర్. కొల్లాయిడల్ సిల్వర్ అనే వెండి నీళ్లు ఇంట్లో చేసుకునేవాళ్లకు ఇంతే సరంజామా. కరెంటు పారగానే ప్లస్ తీగ నుంచి వెండి అయాన్లు నీళ్లలోకి దిగుతాయి. వాటిలో కొన్ని నానో రేణువులుగా మారతాయి. పక్కనుంచి లేజర్ టార్చి వేస్తే నీళ్లలో కాంతి గీత మెరుస్తుంది. చూడముచ్చటైన ప్రయోగం, సందేహం లేదు.

జనగామలోనో మహబూబాబాద్‌లోనో బోరు నీళ్లతో చేస్తే మాత్రం గ్లాసు తెల్లగా మసకబారుతుంది. నీళ్లలోని క్లోరైడు వెండిని పట్టుకుని సిల్వర్ క్లోరైడ్ అవుతుంది. భూపాలపల్లి దగ్గర చెల్పూరు థర్మల్ కేంద్రంలో బాయిలర్లకు వాడే, లవణాలు తీసేసిన నీళ్లలో ఈ తెలుపు రాదు.

ఆ తెల్లటి గ్లాసును ఎండలో పెట్టి చూడండి. తెలుపు మెల్లగా ఊదారంగుకు, ఆపైన నలుపుకు తిరుగుతుంది. కాంతి తగిలి వెండి మళ్లీ లోహమైంది. పాత ఫొటో ఫిల్ముల వెనకున్న సూత్రం కూడా ఇదే.

ఇప్పుడు అసలు సంగతి. జబ్బులు రావని ఈ వెండి నీళ్లు తాగేవాళ్లున్నారు. కడుపులోని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో క్లోరైడు సిద్ధంగా ఉంటుంది. మింగిన వెండి చాలావరకు బయటికి పోయినా, కొంత రక్తంలో కలిసి చర్మంలో పేరుకుంటుంది. ముఖం, చేతులు ఎండకు తగిలేకొద్దీ గ్లాసులో జరిగిందే అక్కడా జరుగుతుంది. చర్మం నీలి బూడిదరంగుకు మారుతుంది. దాన్ని ఆర్జీరియా అంటారు, ఆ రంగు దానంతటది పోదు. అమెరికాలో మోంటానా రాజకీయ నాయకుడు స్టాన్ జోన్స్, 2000లో కంప్యూటర్లు ఆగిపోయి మందులు దొరకవేమోనని 1999లో ఇంట్లోనే చేసుకుని తాగాడు. 2002లో సెనేట్‌కు పోటీ చేసేనాటికి ఆయన ముఖం నీలమైపోయింది. ఇలాంటి మందులు సురక్షితమనీ, పనిచేస్తాయనీ ఒప్పుకోలేమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1999లోనే తేల్చింది.

మోతాదు లెక్క మరీ భయపెడుతుంది. ఒక మిల్లీఆంపియర్ కరెంటు గంటసేపు పారితే తీగ నుంచి సుమారు 4 మిల్లీగ్రాముల వెండి ఊడుతుంది. అందులో పదోవంతే పావు లీటరు గ్లాసులో మిగిలిందనుకున్నా లీటరుకు 1.6 మిల్లీగ్రాములు. తాగునీటికి మన ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన హద్దు లీటరుకు 0.1 మిల్లీగ్రాము. అంటే పదహారు రెట్లు. పైగా ఇంట్లో దాన్ని కొలిచే సాధనమే ఉండదు. మేలిమి తీగ లేదని పాత కడియం ముంచితే అందులోని రాగి కూడా కలుస్తుంది.

వెండి సూక్ష్మజీవులను చంపుతుందన్న మాట నిజమే. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఆ గుణంతోనే నానో వెండి పూసిన సిరామిక్ క్యాండిల్ ఫిల్టర్ తయారుచేశారు. అక్కడ వెండి క్యాండిల్‌ను అంటిపెట్టుకుని ఉంటుంది, నీళ్లు దాన్ని దాటి వస్తాయి. కాలిన పుండ్లకు డాక్టర్లు రాసే సిల్వర్ సల్ఫాడయజీన్ క్రీము కూడా పైపూతకే.